కోడెకో లెక్క... కుర్రాడికో లెక్క

శివరాత్రికి నాలుగు రోజుల ముందు. చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్లే దారిలో ఓ ఊరు. రోడ్డుకి ఒక పక్క కల్లాల్లో ఎర్రదుప్పట్లు పరిచినట్టు మిరపకాయలు. రెండో పక్క, పత్తి కట్టె పీకేసిన చేలో బండలాగుడు పందెం. మైకులో చెప్పేవాడి గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. ఆరు పళ్ల విభాగం నడుస్తోంది. ఈలలు, కేకలు, దుమ్ము. జనమంతా ఒంగోలు గిత్తల మూపురాల వంక చూస్తుంటే ఒక్క వ్యాయామ ఉపాధ్యాయుడు మాత్రం పందెం ముగించుకుని వచ్చిన జత పక్కన నిలబడి, దాని యజమానిని ప్రశ్నల మీద ప్రశ్నలు అడుగుతున్నారు. చేతిలో చిన్న డైరీ.

‘‘ఎప్పటినించి తయారుచేస్తన్నావయ్యా ఈ జతని?’’

‘‘రెండు పళ్లప్పటినించీ మాస్టారూ. మొదట ఉత్త కాడి కట్టి నడిపించాం. తరవాత చిన్న బండ. కాస్త కాస్త పెంచుకుంటా వచ్చాం. ఒకరోజు లాగిస్తే రెండ్రోజులు ఒట్టి నడకే. పందెం దగ్గర పడితే ఇంక బండ ఊసే ఎత్తం.’’

‘‘మేతో?’’

‘‘ఉడకబెట్టిన ఉలవలు, పచ్చిమేత, పత్తిగింజలు... పూటకింతని లెక్కుంది. మా అమ్మ చూసుకుంటది.’’

మాస్టారు అన్నీ రాసుకున్నారు. డైరీ మూస్తూ మామూలుగా అడిగినట్టే అడిగారు.

‘‘మరి మీ చిన్నోడికి?’’

రైతు నవ్వేశాడు. ‘‘వాడికేంది మాస్టారూ, దుక్కలా ఉండాడు! నిన్న కల్లంలో నలభై టిక్కీలు వాడొక్కడే ట్రాక్టరెక్కించాడు.’’

‘‘రేపు వాడికి మ్యాచుంది.’’

‘‘ఆడతాడు. తిన్న తిండి యాడికి పోద్ది?’’

టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోనె బస్తా. తక్కువలో తక్కువ 40 కిలోలు. నలభై టిక్కీలంటే 1600 కిలోలు. పదిహేడేళ్ల కుర్రాడు ఒక్క పూటలో ఒకటిన్నర టన్నుపైన నెత్తికెత్తుకుని, మర్నాటికి మర్నాడు కబడ్డీ కోర్టులో దిగుతాడు. ఎద్దుకైతే పందెం ముందు విశ్రాంతి!

మాస్టారికి ఇది కొత్త కాదు. పాత గుంటూరు జిల్లాలోనూ, ప్రకాశం జిల్లాలోనూ బదిలీల మీద తిరుగుతూ పాతికేళ్లకు పైగా పిల్లలతో కబడ్డీ ఆడిస్తున్నారు. వయసులో ఉన్నప్పుడు ఆయనా ఆడినవారే. కాలిపట్టు పడితే వదిలేవారు కాదని పాతవాళ్లు చెబుతారు. ఆ రోజుల్లో ఆయనకూడా రైతు మాటే నమ్మేవారు. పనిచేసే ఒంటికి వేరే కసరత్తు ఎందుకని.

నమ్మకపోవడానికి కారణం కూడా కనబడదు ఈ నేలలో. బలానికి ఇక్కడ ఎప్పుడూ కరువు లేదు. రామాలయం ముందు గుండు ఉండేది. పండక్కి దాన్ని భుజం దాటించినవాడే మొనగాడు. బండి ఇరుసు ఎత్తడం ఇంకో పందెం. ఉత్తరాంధ్ర నుంచి కోడి రామమూర్తి నాయుడు పేరు మోగినకాలంలో పల్లెపల్లెకీ తాలింఖానాలు వెలిశాయి. దండీలు, బస్కీలు తీయని కుర్రాడు ఉండేవాడు కాదు. తాలింఖానాలు పోయాయి, గుళ్ల ముందు గుండ్లు మట్టిలో కూరుకుపోయాయి. పని మాత్రం మిగిలింది. పత్తి బోరేలు మోయాలి, మిరప టిక్కీలు ఎత్తాలి. గుంటూరు మిర్చి యార్డులో సీజనులో ఓ పూట నిలబడితే తెలుస్తుంది. కళ్లు మండించే ఆ ఘాటులో, తుమ్ముల మధ్య, ముఠా కూలీలు కొక్కెం తగిలించి బస్తాను వీపు మీదికి తీసుకునే ఒడుపు ఏ వ్యాయామశాలలోనూ నేర్పరు.

మరి అంత బలం ఉన్న కుర్రాళ్లు కోర్టులో రెండో అర్ధభాగానికల్లా ఎందుకు వాడిపోతారు?

బలం వేరు, విసురు వేరు. అసలు కిటుకు అక్కడే ఉంది. ఎంత బరువు లేపగలం అన్నది ఒక లెక్క. ఉన్న బలాన్ని ఎంత త్వరగా బయటికి తీయగలం అన్నది ఇంకో లెక్క. టిక్కీ మోసేవాడు నింపాదిగా వంగుతాడు, కూడదీసుకుని లేస్తాడు, చిన్న చిన్న అడుగులు వేస్తాడు. తొందరపడితే నడుము పోతుంది. రోజంతా అలా చేస్తే ఒళ్లు దానికే అలవాటుపడుతుంది. నిదానంగా, ఎక్కువసేపు. కబడ్డీకి కావలసింది దానికి సరిగ్గా తిరగేసి. కూతకొచ్చినవాడి మడమ అందుబాటులో ఉండేది రెప్పపాటు. ఆ రెప్పపాటులో తుంటి, తొడ, నడుము, చేతివేళ్లు అన్నీ ఒక్కసారే పేలాలి. లేదంటే అవతలివాడు గీత ముట్టుకుని నవ్వుతుంటాడు.

కూత గడువు 30 సెకన్లు. ఆట మొత్తం ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు. పూర్తి విసురుతో చేసే పనికి కావలసిన ఇంధనం కండరంలో నిలవ ఉండేది పది సెకన్లకు మించి రాదు. అది చాలావరకు తిరిగి నిండాలంటే రెండు మూడు నిమిషాలు ఆగాలి. ముందురోజు టన్నున్నర మోసిన కండరంలో ఆ నింపుకునే పనే మందగిస్తుంది. బాగా బరువులెత్తిన తరవాత ఒకరోజు నుంచి మూడు రోజులదాకా కండరం తన అసలు బలాన్ని చూపించలేదు. ఆడేవాడికి అది నొప్పిగా తెలిస్తే ఒకరకంగా అదృష్టమే. తెలియకపోతేనే ప్రమాదం.

ఆ ప్రమాదాన్ని మాస్టారు కళ్లారా చూశారు.

దాదాపు ఇరవై ఏళ్ల కిందటి మాట. అప్పుడాయన దగ్గర ఓ కుర్రాడుండేవాడు. మూడు వారాలుగా యార్డులో పనికి పోయి, సెలవు పెట్టుకుని ఫైనలుకి వచ్చాడు. ‘అలసిపోయావా?’ అని అడిగితే ‘లేదు సార్’ అన్నాడు. ఏ కుర్రాడు మాత్రం ఫైనలు ముందు అలసిపోయానంటాడు? మట్టి కోర్టు కాదు, కొత్తగా పరిచిన మ్యాట్. మట్టి మీదైతే పాదం కాస్త జారుతుంది. ఆ జారుడే మోకాలిని కాపాడుతుంది. మ్యాట్ మీద బూటు అతుక్కుంటుంది. పాదం కదలక, ఒళ్లు తిరిగితే మెలి మొత్తం మోకాలు మీదే పడుతుంది. ఆ క్షణంలో తొడ వెనక కండరాలు గబుక్కున బిగిసి కీలును ఆదుకోవాలి. అలసిన కండరం ఆలస్యంగా వస్తుంది. కుర్రాడు కూతలో ఉండగా పక్కకి తిరిగాడు. ‘టప్’మన్న చప్పుడు గీత బయట కూర్చున్న మాస్టారికి కూడా వినపడింది. మోకాలి లోపలి లిగమెంటు తెగింది. ఆపరేషన్ స్తోమత ఇంట్లో లేదు. ఆట అక్కడితో సరి.

ఇప్పుడా కుర్రాడు కుర్రాడు కాదు. ఓ పురుగుమందుల కొట్లో లెక్కలు రాస్తాడు. మాస్టారు కనబడితే లేచి నిలబడతాడు, కాస్త ఒరిగి. టీ తెప్పిస్తాడు. ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండునని మాస్టారి బాధ.

ఆ తరవాతే ఆయన చదవడం మొదలుపెట్టారు. శిక్షణ తరగతికి వెళ్లినప్పుడు ఎవరో రగ్బీ వీడియో వేశారు. రగ్బీ మనకి కొత్తే. కోలగుడ్డులాంటి బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ని అవతలివాళ్లు మీదపడి పడగొట్టే ఆట. కానీ కబడ్డీ తెలిసినవాడికి అది ఎక్కడో దూరపు చుట్టంలా అనిపిస్తుంది. అక్కడా ఒకడు దూసుకొస్తాడు, మిగతావాళ్లు నడుమో తొడో పట్టి ఆపుతారు. వీడియోలో ఉన్నది 1995 ప్రపంచకప్పు సెమీఫైనల్. న్యూజిలాండ్ ఆటగాడు జోనా లోము ఇంగ్లండు మీద నాలుగు ట్రైలు చేసిన మ్యాచ్. ఆరడుగుల అయిదంగుళాల మనిషి, 118 కిలోల పైమాట. ఆ ఒంటితో చిన్నవాళ్లకన్నా వేగంగా పరిగెత్తుతున్నాడు. అడ్డొచ్చినవాణ్ని తప్పించుకోవడం కూడా దండగనుకున్నట్టు తొక్కుకుంటూ పోయాడు. బలం, వేగం ఒకే ఒంట్లో కాపురం ఉండగలవని మాస్టారు అప్పుడు చూశారు.

రగ్బీ యూనియన్ ఆట వృత్తిగా మారింది కూడా ఆ 1995లోనే. అప్పటిదాకా ఆటగాళ్లు పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం సాధనకి వచ్చేవాళ్లు. జీతం ఇచ్చేసరికి బలం పెంచడమూ ఒక పనైంది. మాస్టారిని ఆకట్టుకున్నది వాళ్లెత్తే బరువులు కాదు. బరువు ఎప్పుడు దించాలో వాళ్లకు తెలిసి ఉండటం! పోటీలు లేని నెలల్లో బలం పెంచుతారు. పోటీల నెలల్లో ఉన్నది నిలుపుకోవడానికి వారానికి ఒకటి రెండు సార్లే ఎత్తుతారు, మ్యాచ్ ముందు రోజు అసలు ముట్టుకోరు. ముందు వరసలో గుద్దుకునేవాడికి మెడ, వీపు. అంచున పరిగెత్తేవాడికి తొడలు, మడమలు. అందరికీ ఒకే కసరత్తు ఉండదు. మనవాళ్లేమో కార్నర్‌లో కాలిపట్టు పట్టేవాడికీ, కూతకెళ్లేవాడికీ కలిపి గ్రౌండు చుట్టూ పది రౌండ్లు అంటారు!

ఈ లెక్క తెల్లవాళ్లు కనిపెట్టిందేమీ కాదు లెండి. రెండున్నర వేల ఏళ్ల కిందట గ్రీకు మల్లుడు మైలో లేగదూడను రోజూ భుజాన వేసుకుని నడిచేవాడట. దూడ పెరుగుతుంటే బరువు పెరిగింది, మోసే మనిషి బలమూ పెరిగింది. చివరికి ఎద్దునే మోశాడని కథ. కథలో కొంత కోత ఉండొచ్చు, కిటుకు మాత్రం అబద్ధం కాదు. 1940లలో థామస్ డెలార్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు దానికి వైద్యం చదివించాడు. యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకి మంచాన విశ్రాంతి ఇవ్వడమే అప్పటి ఆనవాయితీ. ఆయన బరువులు కట్టి లేపించాడు. కొద్దికొద్దిగా పెంచుతూ, మధ్యమధ్య ఆపుతూ. సైనికులు తొందరగా కోలుకున్నారు. ఇవాళ ప్రపంచమంతా చేసే బరువుల సాధనకి పునాది అదే.

కొద్దికొద్దిగా పెంచుతూ, మధ్యమధ్య ఆపుతూ... బండ యజమాని చెప్పింది ఇదే కదా! పళ్లు చూసి విభాగం, వయసుకు తగ్గ బండ, లాగించిన రోజుకి రెండు నడక రోజులు, ఉలవల కొలత. డెలార్మ్ పేరు వినకుండానే ఈ మెట్ట రైతులు ఎద్దు విషయంలో ఎప్పుడో నేర్చేశారు. దొడ్లోంచి గుమ్మం దాటి ఆ లెక్క ఇంట్లోకే రాలేదు. ఎద్దు ధర లక్షల్లో పలుకుతుంది కాబట్టి అనుకోవాలా? అలా అనుకోవడం కొంచెం అన్యాయం. ఎద్దు చెప్పలేదు కాబట్టి రైతే కనిపెట్టుకుని ఉంటాడు. కొడుకు ‘ఏం కాలేదు నాన్నా’ అంటాడు, నమ్మేస్తాడు.

మాస్టారి బడిలో వ్యాయామశాల లేదు. చినిగిన గోనెలు కుట్టి ఇసుక పోశారు. పది కిలోలవి, పదిహేనువి, ఇరవైవి. మూలనపడ్డ ట్రాక్టరు టైరొకటి, ఎవరో ఇచ్చిన పాత ఇరుసు, వేపకొమ్మకి కట్టిన మోకు. అంతే. ఇసుక మూట పట్టుకుని మెల్లగా కూర్చోవాలి, లేచేటప్పుడు మాత్రం ఎగిసి లేవాలి. మూటను ముందుకి విసరాలి. సంఖ్య తక్కువ, మధ్యలో విరామం ఎక్కువ. పిల్లలకి మొదట్లో ఇదేదో సోమరి కసరత్తులా అనిపించింది. ‘ఇంతేనా సార్?’ అనేవాళ్లు. ఇంకొకటుంది, పైసా ఖర్చు లేనిది. గోనె మీద మోకాళ్లపై నిలబడితే జతగాడు వెనక మడమలు గట్టిగా పట్టుకుంటాడు. ఒళ్లు నిటారుగా ఉంచి, పడిపోకుండా ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా ముందుకి వాలాలి. తొడ వెనక నరాలు జివ్వుమంటాయి. క్రమం తప్పక చేసిన జట్లలో ఆ కండరం గాయాలు దాదాపు సగానికి తగ్గాయని ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద జరిగిన పరిశోధనలు తేల్చాయి. పోయిన మోకాలు తలచుకునో ఏమో, మాస్టారు దీన్ని ఒక్కరోజు కూడా మాననివ్వరు. ఆయన కోపం చూడాలంటే దీన్ని ఎగ్గొట్టి చూడాలి.

అమ్మలకి వేరే భయం. బరువులెత్తితే పిల్లాడు గిడసబారిపోతాడని. దగ్గరుండి, సరైన తీరులో చేయిస్తే ఎదుగుదల ఆగదని వైద్యులు ఎప్పుడో తేల్చారు. ఆ మాట చెబితే ఒకమ్మ ఠక్కున అడిగింది: ‘‘మరి టిక్కీలెత్తితే ఆగదా మాస్టారూ?’’ ఆయన దగ్గర జవాబు లేదు. దగ్గరుండి చూసేవాళ్లు లేని బరువు అదే మరి. ఆడపిల్లల విషయంలో ఇంకాస్త ఎక్కువ మాట్లాడాల్సి వస్తుంది. రోజంతా వంగి మిరపకాయలు కోసే పిల్ల ఇసుక మూట ఎత్తితే తప్పంటారు. అలాంటప్పుడు శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి పల్లెలో బరువులెత్తడం నేర్చుకున్న కరణం మల్లీశ్వరి కథ అక్కరకొస్తుంది. 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఈ కథ విన్నాక కొందరు ఒప్పుకుంటారు. కొందరు ‘ఆవిడ సంగతి వేరులే’ అంటారు.

2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ఇరాన్ మన కబడ్డీ జట్లు రెంటినీ ఓడించిన రోజుల్లో ఊరి రచ్చబండ మీద పెద్ద చర్చే జరిగింది. 1990లో కబడ్డీ ఆసియా క్రీడల్లోకి వచ్చినప్పటినించీ మగవాళ్ల స్వర్ణం మనదే, ఆ ఏడు తప్ప. మనకి చెడుగుడు నేర్పేదేంటి వాళ్లు అని కొందరు మండిపడ్డారు. మాస్టారు మాత్రం వాళ్ల పట్టు చూడమన్నారు. ఇరాన్‌లో కుస్తీ ప్రాణం. జూర్‌ఖానా అని వాళ్లకో పాతకాలపు వ్యాయామశాల ఉంది. మన తాలింఖానాకి అన్నలాంటిది. వాళ్లు దాన్ని మూసేయలేదు. హాంగ్‌ఝౌ క్రీడల్లో, 2023లో, మనవాళ్లు రెండు స్వర్ణాలూ తిరిగి తెచ్చుకున్నారనుకోండి.

మళ్లీ మన రైతు దగ్గరకి వద్దాం. ఆ సాయంత్రం మాస్టారు వాళ్లింటికి వెళ్లారు. పని మానిపించమని అడగలేదు. మిరప సీజనులో ఇంటి మనిషి చేయి ఖాళీగా ఉంటే కూలి డబ్బులు ఎవరిస్తారు? ఆ సంగతి ఆయనకీ తెలుసు. అడిగింది రెండే. టిక్కీలు ఎత్తిన రోజు సాధనలో బరువు ముట్టనివ్వను, దాన్నే కసరత్తు కింద లెక్కవేస్తాను. మ్యాచ్ ముందు రెండు రోజులు మీరు టిక్కీ ముట్టనివ్వకూడదు. రైతు వెంటనే ఏమీ అనలేదు. రేపటి మ్యాచ్‌కి వాణ్ని దించడం లేదని మాస్టారు చెప్పినప్పుడు కుర్రాడి మొహం మాడిపోయింది. ఆ రాత్రి అన్నం తినలేదట.

గోడ మీద తెలుగు క్యాలెండరు వేలాడుతోంది. బండ లాగించే రోజులకి ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. మాస్టారు జేబులోంచి నీలం పెన్ను తీసి అక్కడ పెట్టి వచ్చారు.

తిండి లెక్కా చెప్పారు. కండ పెరగాలనుకునే ఆటగాడికి ఒంటి బరువులో కిలోకి గ్రామున్నర పైచిలుకు మాంసకృత్తులు కావాలి. అరవై కిలోల కుర్రాడికి రోజుకి 95 గ్రాముల దాకా. బడిలో మధ్యాహ్న భోజనం గుడ్డు, చిక్కీ సరిపోవు. పొడి డబ్బాలు కొనమనలేదు. వంద గ్రాముల ఉలవల్లో 22 గ్రాములు దొరుకుతాయన్నారు. మూలన కూర్చుని అంతా వింటున్న నాయనమ్మ ఆ మాట దగ్గర తలెత్తింది. మర్నాటినించి ఎడ్లకు ఉడికే గుండిగలోంచి వార్చే ముందే ఓ గ్లాసుడు తీసి, ఉప్పూ ఉల్లిపాయా కలిపి మనవడికి పెట్టడం మొదలుపెట్టింది. ‘ఎద్దు తిండి నాకా?’ అని రెండ్రోజులు గొణిగాడు వాడు.

ఎంపిక పోటీలు నెలన్నర తరవాత పడ్డాయి. అప్పటికి మిరప ఆఖరి కోతలు. కల్లంలో కుప్ప ఇంకా ఎత్తలేదు. ఆకాశంలో మబ్బు. వాన పడితే కాయ తెల్లబడుతుంది, ధర పోతుంది. పోటీకి ముందురోజు పొద్దున మాస్టారు ఫోను చేయడానికి కూడా జంకారు. ఏ తండ్రయినా ఏం చేస్తాడు అలాంటప్పుడు?

మధ్యాహ్నం ఆయనకే ఫోనొచ్చింది.

‘‘మాస్టారూ, రేపు ఒంగోలు బస్సు ఎన్నింటికి?’’

‘‘అయిదున్నరకి. కల్లం సంగతేంటి?’’

‘‘ముఠావాళ్లని పిలిచాం. నేనూ ఓ చెయ్యి వేస్తన్నా. వాడు వస్తానన్నాడు, వాళ్ల నాయనమ్మ రానీలా...’’ అవతల ఎవరో కేకేస్తున్నారు, టార్పాలిన్ పట్టుకోమని. ‘‘ఉంటా మాస్టారూ, చినుకులు పడతన్నాయ్.’’